ఎలుగులు నీళ్ళకొచ్చే చెరువు మీద రాత్రి గాలం వేయాలంటే

అనంతపురం జిల్లా కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు పుట్టి పెరిగినవాళ్ళకు ఎలుగుబంటి కొత్త కాదు. పగలంతా గుండ్ల కొండల్లో, గవుల్లో (గుహల్లో) పడుకుని పొద్దు గూకాక కిందికి దిగుతుంది. కొండ మీది గుళ్ళో దూరి దీపాల్లో నూనె తాగిందనో, కొబ్బరి చిప్పలు తిని పోయిందనో తరచూ వింటూనే ఉంటాం. ఈ మధ్య శని, ఆదివారాల్లో టౌన్ల నుంచి కుర్రవాళ్ళు గాలాలు, టెంట్లు బైకులకు కట్టుకుని మా చెరువులకు, భైరవానితిప్ప ప్రాజెక్టు నీళ్ళకు వస్తున్నారు. రావడం మంచిదే, నాకూ ఆ పిచ్చి ఉంది. కానీ వాళ్ళలో చాలామంది ఎలుగు గురించి తెలుసుకున్నది ఫోన్లో అమెరికా వీడియోలు చూసి. అక్కడి ఎలుగు వేరు, మన ఎలుగు వేరు. ఆ తేడా తెలియకుండా చెరువు కింద టెంటు వేసి పడుకున్నవాళ్ళను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. అందుకే నాకు తెలిసింది వరుసగా చెబుతున్నాను.

మొదట ఆ జంతువును అర్థం చేసుకోండి

అలాస్కా ఎలుగులు ఏట్లో నిలబడి చేపలు పట్టి తింటాయి. అందుకని ఆ వీడియోల్లో పట్టిన చేపల్ని ఎలా దాచాలో ఎక్కువగా చెబుతారు. మన ఎలుగు చేపలు పట్టి బతికేది కాదు. దాని ప్రధానమైన తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. పై దవడ ముందు పళ్ళు రెండు దానికి ఉండవు. ఆ సందులోంచి, పుట్టలో దాక్కున్న చెదల్ని గాలితో సహా లోపలికి పీల్చేస్తుంది. ఆ పీల్చే శబ్దం నిశ్శబ్దంగా ఉన్న రాత్రి నూరు మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని గుర్తు పెట్టుకోండి. చీకట్లో అదే మీకు మొదటి హెచ్చరిక.

దాని ముక్కు చాలా గట్టిది. చూపు, వినికిడి మాత్రం అంతంతమాత్రం. పుట్ట తవ్వుకుంటూ తన చప్పుడులో తాను ఉన్నప్పుడు, గాలి దాని వైపు నుంచి మీ వైపు వీస్తున్నప్పుడు, మీరు పది అడుగుల దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన మరుక్షణం అది ఆలోచించదు, మీద పడుతుంది. మనిషిని తినడానికి కాదు. తరతరాలుగా పులులు, చిరుతలు ఉన్న అడవుల్లో బతికిన జంతువు. చెట్టెక్కినా చిరుత వెంట వస్తుంది కాబట్టి, నిలబడి ఎదురు తిరగడమే దానికి అలవాటైంది. మగ ఎలుగు నూట నలభై కిలోల వరకూ ఉంటుంది. ముందు కాళ్ళ గోళ్ళు మన వేలంత పొడవుంటాయి. ఆ గోళ్ళు ఎక్కువగా తగిలేది మనిషి తలకూ మొహానికీ.

కాబట్టి ఈ కింద చెప్పేదంతా రెండే పనుల కోసం. మీ దగ్గర దానికి తినేదేదీ లేకుండా చూసుకోవడం ఒకటి. మీరున్నారని దానికి దూరం నుంచే తెలిసేలా చేయడం రెండోది.

బయలుదేరే ముందు

ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘానిది. అడగకుండా గాలం వేయకండి. అడిగితే చాలామంది కాదనరు, పైగా ఎలుగు ఎటు నుంచి దిగుతుందో కూడా వాళ్ళే చెబుతారు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా రాత్రి ఉండటం నేరం. నల్లమల పులుల అభయారణ్యంలోకి, కడప జిల్లా లంకమల అభయారణ్యంలోకి గాలం, టెంటు పట్టుకుని వెళ్ళే ఆలోచనే పెట్టుకోకండి. ఇక్కడ చెబుతున్నది ఊళ్ళ పక్కన, కొండల అంచున ఉండే చెరువుల గురించి.

కాలం చూసుకోండి. మా అనంతపురంలో ఏడాదికి సగటున పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. మార్చి దాటితే వంకలు, కుంటలు ఎండిపోతాయి, కొండ మీది ప్రాణులన్నీ మిగిలిన ఒకటి రెండు చెరువుల మీదే ఆధారపడతాయి. చెరువు ఎండి నడిమధ్య ఒక్క మడుగే మిగిలి ఉంటే రాత్రికి అక్కడ ఉండకండి. చేపలన్నీ ఒకచోట చేరి గాలానికి బాగా పడతాయనే ఆశ ఉంటుంది, నాకూ తెలుసు. కానీ ఆ రాత్రి ఆ నీళ్ళు ఎలుగుకు తప్పనిసరి, మీకు కాదు. సీతాఫలాలు పండే రోజుల్లో గుట్టల అంచులు, శనక్కాయలు పీకే రోజుల్లో చేల గట్లు అదే లెక్క. చలికాలం నుంచి ఎండాకాలం దాకా తల్లి వీపు మీద పిల్లలు ఉండొచ్చు. పిల్లలున్న తల్లి ఎవర్నీ దగ్గరికి రానివ్వదు.

తీసుకెళ్ళాల్సినవి: మనిషికొక మంచి టార్చి, అదనంగా బ్యాటరీలు, మనిషికొక గట్టి వెదురు కర్ర, రాత్రంతా వెలిగే చార్జింగ్ లైటు, శుభ్రమైన నూలు బట్టలు, బిగుతుగా మూత పడే స్టీలు డబ్బాలు. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. కనీసం ముగ్గురు ఉండాలని నా పట్టుదల. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుండాలి, ఇంకొకరు సిగ్నల్ దొరికే చోటికి వెళ్ళాలి. మీ ఫోనుకు ఆ చెరువు కట్ట మీద సిగ్నల్ ఎక్కడ వస్తుందో వెలుతురుండగానే చూసిపెట్టుకోండి.

కుక్కను తీసుకెళ్ళకండి. అది ఎలుగును చూసి మొరుగుతూ మీదికి పోతుంది, ఎలుగు తిరగబడగానే కుక్క పరుగెత్తి మీ దగ్గరికే వస్తుంది, వెనకాలే ఎలుగునూ తెస్తుంది.

ఎర గురించి

మామూలుగా ఎవరూ చెప్పని సంగతి ఇది. కట్ల, రోహు పడాలని మనం ఏం కలుపుతాం? వేరుశనగ చెక్క, తవుడు, బెల్లం. కొందరు నూనె కూడా వేసి ముద్ద చేస్తారు. హోస్పేట దగ్గర దరోజిలో ఎలుగుల కోసమే 1994లో ఏర్పాటు చేసిన అభయారణ్యం ఉంది, మనకు పక్క రాష్ట్రమే. అక్కడ జనం టవరు మీద నుంచి చూడటానికి ఎలుగులు రావాలని సిబ్బంది బండల మీద బెల్లం పాకం పూస్తారు. ఎలుగును పిలవడానికి వాళ్ళు వాడేదే మీ సంచిలో ఉంది.

నాకు ఇది ఒక రాత్రి తెలిసొచ్చింది. ఉగాది దాటాక నలుగురం కొండ కింది చెరువుకు వెళ్ళాం. తిండి పైకి కట్టాలని వీడియోలో చూసి, మిగిలిన ఎర ముద్దను ప్లాస్టిక్ సంచిలో వేసి కానుగ చెట్టు కొమ్మకు వేలాడదీశాం. ఆ చెట్టుకు పది పదిహేను అడుగుల దూరంలోనే చాప పరుచుకుని పడుకున్నాం. తెల్లారుజామున కొమ్మ విరిగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎలుగు చెట్టెక్కి సంచి చించుకుని తింటోంది. మాలో ఒకడు లేచి పరుగెత్తబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాం. నలుగురం ఒకచోట చేరి, టార్చీలు వేసి, మామూలు గొంతుతో మాట్లాడుతూ మెల్లగా కట్ట వైపు వెనక్కి జరిగాం. దానికి కావాల్సింది దొరికింది కాబట్టి అది మా వైపు రాలేదు. ఆ సంచిని చెట్టుకు కాకుండా తల కింద పెట్టుకుని పడుకునే అలవాటున్నవాళ్ళు కూడా మాలో ఉన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. పొద్దు ఉండగానే ఎర ముద్దతో చేసే వేట ముగిస్తాను. మిగిలిన ముద్దను చెరువులోనే, లోతుగా ఉన్న చోట విసిరేస్తాను. ముద్ద కలిపిన గిన్నె, చేతులు, గాలం కర్ర పిడి సబ్బుతో కడుగుతాను. చేతులు తుడుచుకున్న తువ్వాలును కూడా వదలను, దానికి అంటిన బెల్లం వాసన చాలు. రాత్రి గాలం వేయాలనుంటే వానపాములే వాడతాను. బెల్లం, శనక్కాయలు, అరటిపండ్లు, కొబ్బరి, నూనె సీసా, స్వీటు పొట్లాలు అన్నీ స్టీలు డబ్బాలో పెట్టి కారులో వేసి తలుపులు మూస్తాను. కారు లేకపోతే, మూత బిగించిన డబ్బాను పడుకునే చోటికి వంద మీటర్ల దూరంలో, కనపడేలా బయలు మీద పెడతాను. చెట్టుకు కట్టను. మన ఎలుగు తేనెపట్టు కోసం చెట్లెక్కే జంతువు.

వంట కూడా ఆ వంద మీటర్ల అవతలే. చేపల పొట్టలు, పొలుసులు ఎక్కడంటే అక్కడ పడేయకండి. వాటికి ఎలుగు రాకపోయినా నక్కలు, పందులు వస్తాయి, కొన్నిచోట్ల చిరుత కూడా రావచ్చు.

చోటు ఎంచుకోవడం

మధ్యాహ్నం మూడుకల్లా అక్కడ ఉండండి. టెంటు విప్పే ముందు అందరూ కలిసి చుట్టుపక్కల ఒకసారి తిరిగి రండి. నేల చూస్తూ నడవండి. చెదపుట్టల్లో కొత్తగా తవ్విన గుంతలు, తిరగేసిన రాళ్ళు, చెట్ల బెరడు మీద గోళ్ళ గీతలు కనిపిస్తాయేమో చూడండి. దాని వెనక కాలి ముద్ర మనిషి వట్టి కాలి ముద్రలాగే ఉంటుంది, కానీ వేళ్ళకు ముందు గోళ్ళ గుర్తులు విడిగా పడతాయి. పేడలో సీతాఫలం గింజలో, రేగు గింజలో, చీమల పెంకులో ఉంటాయి. ఇవి పచ్చిగా ఉంటే ఆ చోటు వదిలేయండి. ఇంత దూరం వచ్చాం కదా అని సర్దుకోవద్దు.

టెంటు వేయకూడని చోట్లు: గుండ్ల కింద, గవి ముందు, కొండ నుంచి వచ్చే వంక చెరువులో కలిసే చోట, కంపచెట్ల మధ్య ఇరుకు దారిలో, పండ్ల చెట్టు కింద. వంక దారిలోనే ఎలుగు దిగుతుంది, నడవడానికి దానికీ అదే సులువు. కొండకు ఎదురు వైపు, చుట్టూ నేల కనపడే బయలు మంచిది. వెడల్పుగా ఉంటే చెరువు కట్ట ఇంకా మంచిది. ఏదైనా ఒకవైపు నీళ్ళ దగ్గరికి అడ్డం లేకుండా దారి వదలండి. అది వచ్చి తాగి పోవాలి. మీరు నీళ్ళ చుట్టూ మూడు వైపులా గాలాలు పాతుకుని కూర్చుంటే దానికి మీ మధ్య నుంచి రావడం తప్ప దారి ఉండదు.

చేల పక్కనైతే ఇంకొకటి. పందుల కోసం కొందరు కరెంటు తీగలు కడుతుంటారు. అది నేరమే అయినా ఆగలేదు. చీకట్లో తెలియని చేలోకి అడుగు పెట్టకండి.

నడిచేటప్పుడు

పొద్దు గూకే ముందే గూటికి చేరాలి, ఎండ పడేదాకా కదలకూడదు. ఇది పాటిస్తే సగం ప్రమాదం పోతుంది. తప్పనిసరై నడవాల్సి వస్తే గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. కర్రతో బండల మీద తట్టండి. మలుపు దగ్గర, ఎత్తుగా పెరిగిన బోద గడ్డి దగ్గర, నీళ్ళు పారే చప్పుడున్న చోట, ఎదురుగాలిలో ఇంకాస్త గట్టిగా. "ఓ... వస్తున్నాం" అని గొర్రెల కాపర్లు అరుస్తారు, అది ఊరికే కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. పిల్లలుంటే మధ్యలో నడిపించండి.

రాత్రి

మా ప్రాంతంలో తెల్లారుజామున చెంబు పట్టుకుని బయటికి వెళ్ళినవాళ్ళ మీద ఎలుగు పడిందనే మాట విననివాళ్ళు ఉండరు. చీకటి, ఒంటరితనం, పొదల చాటు, వంగి కూర్చోవడం, నోట మాట లేకపోవడం, అన్నీ కలిసొచ్చే సమయం అది. అందుకని పడుకునే ముందే అందరూ ఆ పని ముగించుకోండి. మధ్యలో వెళ్ళాల్సి వస్తే ఇద్దరు వెళ్ళండి. అడుగు వేసే ముందు టార్చితో చుట్టూ ఒక రౌండు చూడండి, దగ్గండి, మాట్లాడండి. పొదల చాటు వెతక్కండి. రెండోవాడు అటు తిరిగి నిలబడి కబుర్లు చెబుతూ ఉంటే చాలు, ఇక్కడ సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

వంతులు వేసుకుని ఒకరు మేలుకోండి. లైటు రాత్రంతా వెలగనివ్వండి. మంట వేస్తే ఎలుగు రాదనే నమ్మకం పెట్టుకోకండి, ఎండాకాలం బోదకు నిప్పంటుకుంటే కొండంతా పోతుంది. మందు తాగి పడుకోవద్దు. మత్తులో ఉన్నవాడికి పీల్చే శబ్దం వినపడదు, వినపడినా ఏం చేయాలో తోచదు.

ఎదురుపడితే

దూరంగా కనిపించి, అది మిమ్మల్ని చూడకపోతే, చప్పుడు చేయకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. రాళ్ళు వేయకండి. వీడియో కోసం ఆగకండి.

అది మిమ్మల్ని గమనిస్తే ఉన్నచోటే ఆగండి. అందరూ భుజానికి భుజం తగిలేలా ఒకచోట చేరండి. తగ్గు గొంతుతో, నెమ్మదిగా మాట్లాడుతూ, వీపు చూపించకుండా ఒక్కొక్క అడుగూ వెనక్కి వేయండి. అది వెనక కాళ్ళ మీద లేచి నిలబడితే భయపడకండి, వాసన పట్టడానికి అలా లేస్తుంది. మీరు దాని దారికి అడ్డంగా ఉన్నారేమో చూసుకుని పక్కకు తప్పుకోండి. పిల్ల ఒంటరిగా కనిపిస్తే తల్లి పక్కనే ఉందని లెక్క.

పరుగెత్తకండి. మనిషి కన్నా అది చాలా వేగం. చిన్నప్పుడు బడిలో అందరం విన్న కథ ఉంది కదా, ఇద్దరు స్నేహితులు, ఒకడు చెట్టెక్కాడు, ఒకడు చచ్చినట్టు పడుకున్నాడు, ఎలుగు వాసన చూసి పోయింది. చెట్టెక్కినవాడు బతకడం కథకే. పడుకోవడంలో మాత్రం నిజముంది, కానీ ఎప్పుడు, ఎలా అన్నది కథలో లేదు. దూరంగా ఉన్న ఎలుగును చూసి పడుకోకూడదు. అది మీదికి వచ్చేసి, ఇక తప్పదన్నప్పుడే పడాలి. వెల్లకిలా కాదు, బోర్లా పడాలి. పొట్ట, మొహం నేలకు ఆనించాలి. రెండు చేతుల వేళ్ళు మెడ వెనక బిగించి, మోచేతులతో చెంపలు కప్పుకోవాలి. కాళ్ళు కొంచెం ఎడం పెడితే మిమ్మల్ని వెల్లకిలా తిప్పడం దానికి కష్టం. తిప్పినా మళ్ళీ బోర్లాకే పొర్లాలి. వీపు మీద బ్యాగు ఉంటే తీయకండి, అది కవచం. నొప్పికి చేతులు విప్పితే మొహం పోతుంది. అది వదిలి వెళ్ళాక కూడా వెంటనే లేవకండి. చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా అలాగే ఉండండి. దీన్ని ఇంట్లో చాప మీద రెండు మూడుసార్లు పడి చూసుకోండి. ఒంటికి తెలియని పని భయంలో చేతకాదు.

తోటివాళ్ళు చెదిరిపోకూడదు. గుంపుగా నిలబడి, టార్చి వెలుగు ఎలుగు మొహాన కొట్టి, పెద్దగా అరుస్తూ, కర్రలతో నేలను బాదుతూ దాన్ని తరమాలి. అది పోవడానికి ఒక వైపు మాత్రం ఖాళీ ఉంచండి.

దెబ్బ తగిలితే

తల, మొహం గాయాలకు రక్తం చాలా పోతుంది, చూస్తే గుండె జారుతుంది. శుభ్రమైన బట్ట మడిచి గట్టిగా నొక్కి పట్టండి, తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకోటి పెట్టండి. పసుపు, కాఫీపొడి, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకండి. వేలాడుతున్న చర్మాన్ని కోయకండి, ఉన్నచోటికి చేర్చి కట్టు కట్టండి. ఒక్కరు 108కి ఫోన్ చేసి, చెరువు పేరు, ఊరి పేరు, బండి వచ్చే దారి చెప్పండి. రక్తం ఆగిన చిన్న గాయమైతే సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. గీత చిన్నదైనా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, టీటీ ఇంజక్షన్, రేబిస్ టీకా గురించి డాక్టరును మీరే అడగండి. ఫారెస్టు బీట్ ఆఫీసరుకు ఆ రోజే తెలపండి. పరిహారానికి వాళ్ళ రిపోర్టు కావాలి.

ఊళ్ళోవాళ్ళను పోగేసి ఎలుగు వెంట పడనివ్వకండి. జనం చుట్టుముడితే ఎలుగు దారి కోసం ఎదురొచ్చిన ప్రతి మనిషి మీదా పడుతుంది. వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, అంటే ఎక్కువ రక్షణ ఉన్నది, చంపితే కనీసం 3 ఏళ్ళ జైలు.

పొద్దున

ఎండ బాగా పడ్డాకే గాలాలు చుట్టండి. మిగిలిన అన్నం, అరటి తొక్కలు, నూనె కవర్లు చెరువు దగ్గర పారేస్తే తర్వాతి రాత్రి ఎలుగు అక్కడికే వస్తుంది, అప్పుడు మీరుండరు, ఇంకెవరో ఉంటారు. అన్నీ మూటగట్టి తీసుకెళ్ళండి. రాత్రి పీల్చే శబ్దం ఎటువైపు విన్నారో, ముద్రలు ఎక్కడ చూశారో కట్ట మీద ఎదురొచ్చిన గొర్రెల కాపరికి చెప్పి వెళ్ళండి. "అన్నా, వంక పక్క జాగ్రత్త" అంటే చాలు. రేపు తెల్లారకముందే, మబ్బులోనే ఆ దారిన గొర్రెల్ని తోలుకుపోయేది ఆయనే.